పాడవని నూనె

ఫిబ్రవరి 4

ప్రియమైన అక్కా,

ఈ ఉత్తరం రాస్తున్నందుకు ముందుగా నీకు, నీ కొండకు, ఆ కొండ మీద గాలివాటం చెప్పే రెక్కల యంత్రానికి, వారానికోసారి మీ సరుకులతో పాటు నా రాతలు కూడా మోసుకొచ్చే బండికి, ఆ బండి డ్రైవరుకు చేతులు జోడించి క్షమాపణలు చెప్పుకుంటున్నాను. వానెప్పుడొస్తుందో కనిపెట్టే పనిలో ఉన్న మనిషిని పట్టుకుని వాడేసిన వంటనూనె సంగతి అడగడం ఎంత ఘోరమో నాకు తెలుసు. డిగ్రీ చదివినవాణ్ణి. అయినా అడుగుతున్నాను.

ఇంట్లో మిగిలిపోయిన నూనెను ఏం చెయ్యాలి?

ఇది కేవలం లోకజ్ఞానం కోసం వేసిన ప్రశ్న. దీని వెనక ఏమీ లేదు.

ఇంతవరకూ జరిగిన ప్రయోగాలు మనవి చేసుకుంటాను. మొదట వంటింటి సింకులో పోశాను. వేడిగా, సన్నటి ధారగా, ఎంతో సంస్కారంతో పోశాను. వారం తిరిగేసరికి సింకు మింగడం మానేసింది. కింది వాటాలో టైలరుగారు పైకొచ్చి, "బాబూ, మీరు పైన అంట్లు తోముతుంటే మా బాత్రూంలో బుడగలొస్తున్నాయి" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, కుతూహలమే ఉంది. గొట్టం విప్పిన ప్లంబరు లోపల్నుంచి తెల్లటి ముద్దొకటి లాగి, నా చేతిలో పెట్టి, "దాచుకోండి" అన్నాడు.

తర్వాత మెట్ల దగ్గర ఇనపగేటు కీళ్ళకు రాశాను. గేటు కిర్రుమనడం మానేసిన మాట నిజమే. కానీ ఇప్పుడు దాన్ని తెరవాలంటే చీమల అనుమతి కావాలి. ఆ తర్వాత గాజుగ్లాసులో పోసి, వత్తి వేసి వెలిగించాను. పది నిమిషాలు వెలుతురిచ్చి, మూడు రోజులు చేపల వాసనిచ్చింది. అత్త ఏమీ అనలేదు.

ప్రస్తుతం నా మంచం కింద నాలుగో సీసా నిండింది. ఒక్క నెలలో నాలుగు.

నాన్నకు చెల్లెలై పుట్టిన నేరానికి మనిద్దర్నీ పెంచాల్సి వచ్చిన అత్త క్షేమంగా ఉంది. మా ప్రెస్సు వాళ్ళకు తను వండి పంపే ఏడు భోజనం డబ్బాలు మామూలుగానే వెళ్తున్నాయి. నేను మామూలుగానే ప్రూఫుల్లో తప్పులు దిద్దుతున్నాను, కొన్ని వదిలేస్తున్నాను. "పెద్దదాన్ని చెవులు కప్పుకోమను" అంది అత్త.

జిడ్డు చేతులతో,
నీ తమ్ముడు


ఫిబ్రవరి 12

ప్రియమైన బుడంకాయ్,

నీ క్షమాపణ రెక్కల యంత్రానికి చదివి వినిపించాను. అది అటు తిరిగిపోయింది.

సింకులో చుక్క కూడా పోయకు. వేడిగా ఉన్నప్పుడు బాగానే జారుతుంది. గొట్టంలోకి వెళ్ళాక చల్లారి, సబ్బునురగతో, మెతుకులతో కలిసి గోడలకు పట్టేస్తుంది. మరుగునీళ్ళు పోస్తే కరిగిందనుకుంటావు. కరిగింది నాలుగడుగులు ముందుకెళ్ళి మళ్ళీ గడ్డకడుతుంది. టైలరుగారి బాత్రూం సరిగ్గా ఆ నాలుగడుగుల దూరంలోనే ఉంది.

మూకుడులో కాస్తే మిగిలితే పాత కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వెయ్యి. ప్రెస్సులో పనిచేస్తూ కాగితం లేదనకు. ఎక్కువుంటే బాగా చల్లారనిచ్చి, రంపపుపొట్టులో కలిపి, అది పీల్చుకున్నాక మూట కట్టి పారెయ్యి. సీసాలకొద్దీ ఉంటే సబ్బులు చేసేవాళ్ళెవరైనా తీసుకుంటారేమో అడుగు. మట్టిలో, మొక్కల్లో పోయకు.

ఇక్కడ నా పని మూడు గంటలకోసారి ముళ్ళు చూసి అంకెలు రాయడం. అంకె తేడాగా కనబడితే ఊరుకోలేను. అత్త నూనె పారేసే మనిషి కాదు. వేపుడయ్యాక మిగిలింది గుడ్డలో వడకట్టి మూతగిన్నెలో పోస్తుంది. పొద్దున్నే మూత తీసి, వాసన చూసి, "ఇంకో రెండు రోజులు ఉంటుంది" అంటుంది. ఆ రెండు రోజుల్లో అది కూరల్లో అయిపోతుంది. మన చిన్నప్పుడు ఏడాది మొత్తానికి ఒక సీసా మిగిలేది కాదు. నెలకు నాలుగు ఎక్కడివి?

ఇంకో మాట. ముందుగదిలో అగ్గిపుల్ల గీస్తే వంటింట్లోంచే "ఏం తగలబెడుతున్నావురా" అనే అత్త, మూడు రోజులు చేపల వాసనకు ఏమీ అనలేదా?

ఈసారి జోకుల్లేకుండా రాయి. వాటిని వచ్చేవారం బండికి ఎక్కించుకోవచ్చు.

ముళ్ళు చూస్తూ,
అక్క


ఫిబ్రవరి 17

ప్రియమైన అక్కా,

జోకుల్లేకుండా రాయమన్నావు. అలవాటు లేని పని, అయినా ప్రయత్నిస్తాను.

అత్తకు వాసన తెలియడం లేదు. డిసెంబరులో వచ్చిన జ్వరంతో పోయింది. జ్వరం తగ్గింది కానీ ముక్కు వెనక్కి రాలేదు. ఈ సంగతి అత్త చెప్పలేదు. నేనే పట్టుకున్నాను, అదీ ఆలస్యంగా. జనవరిలో ఒకరోజు మామూలుగా మూత తీసి, వాసన చూసి, "ఇంకో రెండు రోజులు ఉంటుంది" అంది. మర్నాడూ అదే మాట. రోజూ మిగిలింది అందులోనే కలుపుతోంది, రోజూ అదే మాట అంటోంది. పదకొండో రోజున నేను మూత తీశాను. పాత రంగుడబ్బా తెరిచినట్టుంది. ఆ మధ్యాహ్నం మా బైండరు డబ్బా విప్పి, రెండు ముద్దలు తిని, "అత్తమ్మకు ఒంట్లో బాగాలేదా" అని నన్ను చాటుగా అడిగాడు.

అత్త ముక్కంటే మా ప్రెస్సులో ఎంత పేరో నీకు తెలుసు. మూత తీయకుండానే ఉప్పు తగ్గిందని చెప్పే మనిషి. పదిహేనేళ్ళుగా ఆ ఏడుగురూ ఆ ముక్కును నమ్ముకుని తింటున్నారు.

అప్పటి నుంచి అత్త స్నానానికి వెళ్ళగానే గిన్నెలో నూనె సీసాలోకి ఒంపేసి, కొత్త నూనె పోస్తున్నాను. కొత్తది లేతగా ఉంటుంది, రంగులో దొరికిపోతాం. అందుకని ప్రెస్సులో జిగురు కాచే స్టవ్వు మీద ఆ కొత్త నూనెలో ఉల్లిపాయ మాడ్చి, రంగు తెప్పించి, వడకట్టి తెస్తున్నాను. బైండరు ఇందులో భాగస్వామి. ఆ ఉల్లిపాయ కూడా అతనే తింటున్నాడు. నా మంచం కింద సీసాల చరిత్ర ఇదీ.

అత్తతో ఎందుకు అనలేదంటావు. అంటే వంట మానేస్తుంది. వంట మానేసిన అత్త ఎలా ఉంటుందో మనిద్దరం ఎప్పుడూ చూడలేదు, నాకు చూడాలనీ లేదు. నీకెందుకు చెప్పలేదంటావు. చెబితే దిగొచ్చేస్తావు. ఆ కొండ కోసం నువ్వు మూడేళ్ళు దరఖాస్తులు పెట్టావు. వాటిలో తప్పులు దిద్దింది నేనే.

దొరికిపోయిన,
తమ్ముడు


ఫిబ్రవరి 26

ప్రియమైన తమ్ముడూ,

నూనె సంగతి తర్వాత. ముందు గ్యాస్ సంగతి చూడు. వాసన తెలియని మనిషి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా సిలిండరు పక్కన ఒంటరిగా ఉంటోంది. ఆ ఆలోచన నీకు ఇంతవరకూ రాలేదంటే ఆ డిగ్రీని వెనక్కిచ్చెయ్యి. వంట అవగానే సిలిండరు దగ్గర కట్టేసి ఉందో లేదో రోజూ నువ్వే చూడు.

తర్వాత అత్తతో మాట్లాడు. డాక్టరుకు చూపించు. ముక్కు పోతే మనిషి తక్కువైపోదని చెప్పు. నీకు చేతకాకపోతే నేను దిగివస్తాను. మధ్యలో దిగినవాళ్ళకు ఈ వాతావరణ కేంద్రం మళ్ళీ ఇవ్వరు. అది నేను చూసుకుంటాను. నువ్వు దాన్ని అడ్డం పెట్టుకుని దాక్కోకు.

నిన్న ఇక్కడ గాలి గంటకు అరవై కిలోమీటర్లు దాటింది. ఒక కిటికీ పోయింది. నేను బాగున్నాను.

అక్క


మార్చి 11

ప్రియమైన అక్కా,

నీ ఆజ్ఞ తలదాల్చి మూడుసార్లు యుద్ధానికి వెళ్ళాను. మూడుసార్లూ ఓడి, భోంచేసి తిరిగొచ్చాను.

ఆదివారం కూరగాయలు తరుగుతుండగా, "అత్తా, ఈమధ్య నీకు వాసనలు సరిగ్గా తెలుస్తున్నాయా" అన్నాను. కత్తి ఆగలేదు. "నీ మేజోళ్ళ వాసన తెలుస్తోంది. అది చాలదా" అంది. ఆ మేజోళ్ళు నేను అప్పుడే ఉతికి ఆరేసి వచ్చినవి.

బుధవారం డాక్టరు మాటెత్తాను.

"నాకేమైందిరా?"

"ఏం కాలేదు. ఊరికే ఒకసారి చూపించుకుంటే మంచిది కదా."

"ఊరికే చూపించుకోడానికి నేనేమన్నా బొమ్మనా?" అని, "పెద్దదేమన్నా రాసిందా?" అంది.

లేదన్నాను.

"దానికి ఇక్కడి సంగతులేవీ రాయకు. బెంగ పెట్టుకుని దిగొచ్చేస్తుంది."

"ఏ సంగతులత్తా?"

"ఏమీ లేవు కదా. లేనివి రాయకు."

శుక్రవారం బైండరును ముందుకు తోశాను. పెద్దమనిషి కదా, అతని మాట వింటుందని. గుమ్మంలో నిలబడి, "అత్తమ్మా, మీతో ఒక్క మాట" అన్నాడు. అత్త వేపుడు పళ్ళెం చేతిలో పెట్టింది. తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, బాగుందన్నాడు, వెళ్ళిపోయాడు.

గ్యాస్ సంగతి. రోజూ వెళ్ళి చూస్తున్నాను. నేను వెళ్ళేసరికే కట్టేసి ఉంటోంది. మొన్న అత్త సిలిండరు పక్కన చతికిలబడి గొట్టానికి చెవి ఆనించి కూర్చుంది. ఏం చేస్తున్నావత్తా అంటే చెవిలో నీళ్ళు పోయాయంది.

కాబట్టి ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసన్న సంగతి మనకు తెలియకూడదు, అంతే.

నేను గమనించింది ఒకటుంది. తన అవసరం అంటే అత్త నోరు విప్పదు. ఎదుటివాళ్ళ అవసరం అంటే మూయలేదు. ఈ సిద్ధాంతం మీద ఒక పని మొదలుపెట్టాను. అదేమిటో చెబితే వద్దంటావు కనుక చెప్పను.

పరిశోధనలో మునిగి,
తమ్ముడు


మార్చి 27

బుడంకాయ్,

ప్రియమైన అన్న మాట ఈసారికి ఆపాను.

నిన్నటి బండిలో నాకొక కవరొచ్చింది. అడ్రసు అత్త చేతిరాత. నీ ఉత్తరం కింద ఒక వాక్యం చేర్పించడమే తప్ప అత్త నాకు విడిగా ఎప్పుడూ రాయలేదు. ఇది నాలుగు పేజీలుంది. ఇలా మొదలైంది: "అమ్మాయీ, ముక్కు పోయిందని ఏడవకు. వంట ముక్కొక్కదాంతో చేసేది కాదు."

నా ముక్కు నిక్షేపంలా ఉంది. నేను ఏడవలేదు. అంటే నేను రాయని ఉత్తరం ఒకటి నా పేరుతో అత్తకు అందింది. నా చేతిరాత మన ఇంట్లో ఇంకెవరికి వచ్చో అడగను. స్కూల్లో నా నోట్సులు ఎవరు దించుకునేవారో నాకు గుర్తుంది. జవాబు నీ చేతికే ఇస్తుందని, దాన్ని నువ్వే చదివి దాచేయొచ్చని అనుకుని ఉంటావు. ఆమె స్వయంగా వెళ్ళి పోస్టు చేసింది.

నీ సిద్ధాంతం నిజమే. ఆమె అంతా చెప్పింది. ఇలా రాసింది:

"మిగిలిన నూనె గిన్నె మీద తేదీ రాసిన కాగితం అంటించు. మూడు రోజులు దాటితే ఎంత బాగున్నట్టు కనబడినా పారెయ్యి. కాచేటప్పుడు చిన్న ఉల్లిముక్క వేసి చూడు. నురగ పైకి లేచి దిగకపోతే ఆ నూనె చచ్చిపోయినట్టే. రెండు వేళ్ళ మధ్య రుద్దితే జిగురుగా అంటుకున్నా, కాగకముందే పొగ లేచినా అంతే. గ్యాస్‌కు చెవి పెట్టు. గొట్టం అతుకు మీద సబ్బునీళ్ళు రాస్తే, లీకుంటే బుడగ వస్తుంది. నీకు ఇవన్నీ ఎందుకు చెప్పగలుగుతున్నానంటే, నాదీ డిసెంబరులో పోయింది."

తర్వాతి పేజీ ఇది. పూర్తిగా ఎత్తి రాస్తున్నాను. నెమ్మదిగా చదువు.

"కానీ అమ్మాయీ, నా నూనె పాడవడం లేదు. పరీక్ష చేద్దామని ఒక గిన్నె తొమ్మిది రోజులుంచాను. నురగ లేదు, జిగురు లేదు, పొగ లేదు. నిన్న కాచినట్టుంది. తేదీ నేనే తప్పు రాస్తున్నానా, లేక పారేసి కొత్తది పోసి ఆ సంగతి మర్చిపోతున్నానా, తెలియడం లేదు. మా అమ్మకు చివర్లో మతి ఇలాగే పోయింది. ముక్కు పోతే పోయింది. ఇదంటే నాకు భయంగా ఉంది. నువ్వూ ఒకటి పోగొట్టుకున్నావు కనుక నీకే చెబుతున్నాను. తమ్ముడికి చెప్పకు. వాడు చిన్నవాడు."

ఆమె కళ్ళూ చేతులూ సరిగ్గానే పనిచేస్తున్నాయి. ముక్కు లేకుండా వంట చేసే పద్ధతి ఆమె ఒంటరిగా కనిపెట్టుకుంది. నువ్వు ఉల్లిపాయ మాడ్చి, ఆ పద్ధతి తప్పని ఆమెకు రుజువు చేస్తూ వచ్చావు. ఆరోగ్యం కోసం అంటావు. నాకు తెలుసు. అయినా జరిగింది ఇదే.

నూనె మార్చింది నువ్వేనని చెప్పు. ఉత్తరం రాసింది నువ్వేనని కూడా చెప్పు. రెండూ చెప్పాలి. నా రాజీనామా రాసి సొరుగులో పెట్టాను. రెండు బండ్లు చూస్తాను. ఆలోపు నీ జవాబు రాకపోతే మూడో బండిలో అదీ నేనూ దిగుతాం.

అక్క


ఏప్రిల్ 5

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం అందిన రోజే చెప్పాను. మధ్యాహ్నం డబ్బాలు వెళ్ళిపోయాక, మంచం కింది సీసాలన్నీ తెచ్చి వంటింట్లో వరసగా పెట్టాను. మొత్తం తొమ్మిదయ్యాయి.

"ఏమిట్రా ఇవి?"

"నీ నూనె అత్తా. జనవరి నుంచి. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడల్లా ఒంపేసి కొత్తది పోశాను."

అత్త ఒక సీసా తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. వెలుతురులో వంచి చూసింది. మూత తీసి వేలికి కాస్త రాసుకుని, రెండు వేళ్ళూ రుద్దింది. చాలాసేపు రుద్దింది.

"జిగురుంది" అంది.

"ఉంటుంది. అది ఎప్పుడో పాడైపోయింది."

"అంటే నేను మర్చిపోలేదు."

"లేదు."

"తేదీలు?"

"అన్నీ సరిగ్గానే రాశావు. నేను రోజూ చూశాను."

పీట మీద కూర్చుంది. నన్ను తిడుతుందనుకున్నాను. కొంగుతో వేళ్ళు తుడుచుకుని, తుడిచిన చోటే మళ్ళీ తుడుచుకుంటూ కూర్చుంది. నేను ఏదో జోకు వెతికాను, ఒక్కటీ దొరకలేదు. కాసేపటికి లేచి, మసిగుడ్డ తీసుకుని నా వీపు మీద నాలుగు వేసింది. నాకు హాయిగా అనిపించింది.

"కొత్త నూనెకు ఆ రంగు ఎలా తెప్పించావురా?"

"ఉల్లిపాయ మాడ్చి."

"ఎక్కడ?"

"ప్రెస్సులో, జిగురు స్టవ్వు మీద."

"రంగు బాగా కుదిరింది, వెధవా" అంది.

మర్నాడు డబ్బాలతో పాటు తనే ప్రెస్సుకొచ్చి ఏడుగురికీ చెప్పింది. "నాకు ముక్కు పనిచెయ్యడం లేదు. తినాలనుంటే తినండి, లేకపోతే ఇప్పుడే చెప్పండి" అంది. అప్పటికే ముద్ద నోట్లో ఉండడం వల్ల ఎవరూ ఏమీ అనలేదు. బైండరు మాత్రం రోజూ పొద్దున్నే తన ముక్కు తీసుకొచ్చి గిన్నె వాసన చూసి వెళ్తానన్నాడు. జిగురుతో పాతికేళ్ళు కాపురం చేసిన ముక్కది. తేదీ చీటీలే నమ్ముకుంటానంది అత్త. సీసాలు మార్కెట్ వెనక సబ్బులు చేసే ఆవిడ పట్టుకెళ్ళింది. గ్యాస్ లీకైతే మోగే పెట్టె గోడకు బిగించాం. దానికి అత్త నీ పేరు పెట్టింది. ఊరికే అరుస్తుందట.

డాక్టరుకు కూడా చూపించాం. ముక్కు రావచ్చు, రాకపోవచ్చన్నాడు. రోజుకు రెండుసార్లు నాలుగు రకాల ఘాటైన వాసనలు పీల్చి చూడాలట, నెలల తరబడి. ఈ ఉత్తరంతో పాటు బండిలో నీకొక చిన్న పెట్టె కూడా వస్తుంది. లోపల నాలుగు బుడ్లున్నాయి: లవంగనూనె, నిమ్మనూనె, యూకలిప్టస్, గులాబీ. ఏ పూట ఏది పీల్చాలో అత్త చీటీలు రాసి అంటించింది. రాజీనామా చింపెయ్యి. నువ్వు దిగివస్తే తలుపు తీయనని అత్త చెప్పమంది.

నువ్వు రెండు నిజాలు చెప్పమన్నావు. ఇంతవరకూ ఈ ఉత్తరాల్లో కోరిన క్షమాపణలు చాలామటుకు అలంకారానికి కోరినవి. సింకు పగలలేదు, చీమలు వెళ్ళిపోయాయి, టైలరుగారు మర్చిపోయారు. నిజంగా క్షమాపణ కోరాల్సిన పనొకటి మిగిలింది.

డాక్టరు దగ్గరికి రానని అత్త గుమ్మంలో భీష్మించుకుని నిలబడింది. చెప్పులు వేసుకుంది, మళ్ళీ విప్పింది. రెండో నిజం అప్పుడు చెప్పేద్దామని నోరు తెరిచాను. నాకంటే ముందు ఆమే అడిగింది.

"నూనె నీ పని. మరి అమ్మాయి ఉత్తరం? దాని ముక్కు పోయిన మాటైనా నిజమేనా? అది వెళ్ళిందా డాక్టరు దగ్గరికి?"

నిజమేనత్తా, వెళ్ళింది, అన్నాను. చెప్పులు వేసుకుంది.

నీ తమ్ముడు